చక్రాసనం ఫొటో చూశాక పిన్ని రాసిన ఉత్తరం

బుజ్జమ్మా,

నిన్న నువ్వు పంపిన ఫొటో చూశాను. చక్రాసనంలో, అదే వెల్లకిలా పడుకుని అరచేతులూ పాదాలూ నేలకి ఆనించి ఒళ్లంతా విల్లులా పైకెత్తే ఆసనంలో, లేచేశావ్, సంతోషమే, ఆర్నెల్ల క్రితం నాలుగు సూర్య నమస్కారాలకే ఆయాసపడి కూర్చునేదానివి. కానీ ఫొటో పెద్దది చేసి చూస్తే గుండె గుభేలుమంది నాకు. పాదాలు రెండూ బాతు కాళ్లలా బయటికి తిరిగిపోయాయి, మోకాళ్లు చెరో పక్కకి జారిపోయాయి, మోచేతులు సగం మడతలోనే ఉండిపోయాయి, వంపు మొత్తం నడుం దగ్గర ఒక్క చోటే పడింది, పైన వీపు మాత్రం పీటచెక్కలా అలాగే ఉంది. నువ్వేమో కింద 'ఎలా ఉంది పిన్నీ' అని మూడు నవ్వు బొమ్మలు పెట్టావు.

కొబ్బరి చీపుర్లోంచి ఒక ఎండు పుల్ల తీసి వంచి చూడు. రెండు కొసలూ పట్టుకుని మెల్లగా వంచితే విల్లులా వంగుద్ది, ఒకే చోట నొక్కితే అక్కడే పుటుక్కుమంటుంది. మన వెన్నూ అంతే. మెడలో 7 పూసలు, ఛాతీ వెనక 12, నడుంలో 5. ఆ 12 పూసలకీ పక్కటెముకలు తగులుకుని ఉంటాయి కాబట్టి అవి ఓ పట్టాన కదలవు, నడుంలోని ఆ అయిదే ఎంత అడిగితే అంత వంగిపోతాయి, ఇంట్లో మెతకగా ఉండే కోడలికే పనంతా చెప్పినట్టు. దానికి తోడు నువ్వు రోజుకి 9 గంటలు కుర్చీలో ఉంటావ్, తొడల ముందు భాగం, గజ్జల దగ్గరి కండరాలు బిగుసుకుపోతాయి, అవి సాగకపోతే ఆ లోటు కూడా నడుమే పూడ్చాలి.

ఇదంతా నాకు పుస్తకం చదివి తెలిసింది కాదులే. మొదట్లో ఒక క్లాసుకి వెళ్లేదాన్ని, అక్కడాయన మోకాళ్ల మీద నిలబడి వెనక్కి వంగే ఉష్ట్రాసనంలో నా భుజాలు పట్టుకుని 'ఇంకా ఇంకా' అని వెనక్కి లాగారు, నేనూ చుట్టూ అందరూ చూస్తున్నారని పళ్లు బిగబట్టి వంగాను. తర్వాత మూడు వారాలు కింద పడ్డ చెంచా తీసుకోడానిక్కూడా మీ బాబాయ్‌ని పిలవాల్సొచ్చింది. తప్పు ఆయనదెంతో నాదీ అంతే, నొప్పి అని నోరు తెరిచి చెప్పలేదు కదా.

ఆ తర్వాత దొరికిన మేష్టారు నాతో నాలుగు నెలలు బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం, కాళ్లు పైకెత్తే శలభాసనం తప్ప ఇంకేం చేయించలేదు. ఫీజు కట్టి నేల మీద బోర్లా పడుకోవడమేంటని నాకు ఒళ్లుమంట. ఒకరోజు అడిగేస్తే ఆయన నవ్వి, ఘేరండ సంహిత అనే పాత యోగ గ్రంథంలో చెప్పిన 32 ఆసనాల్లో ఇవి రెండూ ఉన్నాయమ్మా, నువ్వు తొందరపడుతున్న చక్రాసనం అందులో లేదు అన్నారు. ఇంక నోరు మూసుకున్నాను. భుజంగాసనంలో పైకి లేచాక 'ఇప్పుడు అరచేతులు రెండూ నేల మీంచి ఎత్తు' అనేవారు, ఎత్తగానే సగానికి పైగా కిందకి దిగిపోయేదాన్ని, ఆ మిగిలిన ఎత్తే నీది, తక్కినదంతా చేతులు అప్పిచ్చింది అనేవారు. నువ్వూ ఇవాళే చేసి చూడు, తెలుస్తుంది నీ లెక్కెంతో. రెండు రెక్కల ఎముకల మధ్య వేలు ఆనించి 'ఇక్కణ్ణుంచి లే' అనేవారు, తొయ్యడం లేదు, ఊరికే ఆనించడమే. మన వీపు మనకి కనపడదు కదమ్మా, నడుం వంగితే వీపు వంగిందనే అనుకుంటాం, గురువు కావాల్సింది అందుకే.

నువ్వు చేసేది ఫోన్ క్లాసు కాబట్టి ఫోన్ ఎదురుగా కాదు, పక్కన నడుం ఎత్తులో పెట్టు, టీచర్‌కి వంపు ఎక్కడ పడుతోందో అప్పుడే కనిపిస్తుంది. నెలకి రెండుసార్లైనా ఎదురుగా వెళ్లి చేయించుకో. ముట్టుకునే ముందు అడగని టీచర్, వద్దన్నా లాగే టీచర్ ఎంత పేరున్నవాళ్లైనా సరే నీకొద్దు. బీపీ, హెర్నియా, పొట్ట ఆపరేషన్, కడుపుతో ఉండటం, ఇలాంటివేవైనా ఉంటే వాళ్లు అడక్కముందే నువ్వే చెప్పాలి.

ఇప్పటికైతే చక్రాసనం కొన్నాళ్లు పక్కన పెట్టు. దుప్పటి గట్టిగా చుట్టి రెక్కల ఎముకల కింద అడ్డంగా పెట్టుకుని అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకో, టీవీ చూసే టైంలో అయినా పర్లేదు. ఒక మోకాలు నేలకి ఆనించి రెండోది ముందుకి పెట్టి గజ్జలు సాగేలా ఒక్కో పక్క ఒక నిమిషం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తే సేతుబంధాసనంలో తొడల మధ్య ఒక ఇటుక, అంటే యోగాకి వాడే దిమ్మ, పెట్టి నొక్కి పట్టుకుంటే మోకాళ్లు జారవు. మళ్లీ చక్రాసనానికి వచ్చేటప్పుడు గోడకి రెండు ఇటుకలు ఆనించి చేతులు వాటి మీద పెట్టి లే, మోచేతుల పైన బెల్టు వేసుకో. కుర్చీ, బెల్టు, ఇటుకా వాడితే చిన్నతనం అనుకోకు, పుణెలో యోగా గురువు అయ్యంగార్ గారు అంతటి మనిషి, ఆయనే అవన్నీ పెట్టి నేర్పారు. ఆ పద్ధతి వాళ్లు చక్రాసనాన్నే ఊర్ధ్వ ధనురాసనం అంటారు, అక్కడ క్లాసులో వింటే కంగారు పడకు.

ఊపిరి బిగబట్టావంటే నీ హద్దు దాటేశావని, దిగిపో. కండరం లాగడం వేరు, నడుంలో గుచ్చినట్టు ఉండటం వేరు, కాల్లోకి తిమ్మిరి దిగితే మాత్రం ఆసనం కాదు డాక్టరు. దిగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి తల వెనక భాగం ముందు, తర్వాత ఒక్కో పూసా. దిగగానే మోకాళ్లు పొట్టకి లాగేసుకోకు, కాళ్లు మడిచి ఓ నిమిషం ఊరికే పడుకుని తర్వాత పక్కకి మెల్లగా తిప్పు. పొద్దున లేవగానే నడుం బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఒళ్లు వేడెక్కనివ్వు. రాత్రి పదింటికి మాత్రం చేయకు, నాకైతే నిద్ర పట్టేది కాదు.

నెల పోయాక ఇంకో ఫొటో పంపు, పక్క నుంచి తీసింది. ఇంకోటి, ఆ చెంచా సంగతి మీ అమ్మకి చెప్పకు, తనకి బస్సులో కుదుపుకి పట్టేసిందని చెప్పాను.

మీ పిన్ని