అల్లుడికి, మీ నాన్న మారుతి గురించి

మిర్యాలగూడ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫోనులో చెప్పినదంతా విన్నాను. పొద్దున తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, ఆ తరువాత ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ పోయిందనుకుని కొత్తది వేయించావు. మర్నాడు మళ్లీ అదే ‘టక్’. ఇప్పుడు ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు మార్చమంటున్నారట. అప్పుడే మార్చకు.

మీ నాన్న ఆ మారుతి 800 కొన్ననాడు నువ్వు మీ అమ్మ ఒళ్లో ఉన్నావు. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ బండి. 2014లో దాని తయారీ ఆపేసినా సామాను ఇంకా దొరుకుతూనే ఉంది. సామాను దొరకడమే నీ కొంప ముంచుతోంది. తప్పు ఎక్కడుందో తేలకముందే కొత్తది కొని బిగిస్తున్నావు.

రేపు చీకటి పడ్డాక బండిని గోడకు ఎదురుగా పెట్టి, హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పు. గోడ మీద వెలుగు చూడు. కొడిగట్టిన దీపంలా తగ్గిపోతే బ్యాటరీలో బలం లేదు, లేదా టెర్మినల్ దగ్గర పట్టు లేదు. వెలుగు అలాగే ఉండి సెల్ఫ్ మాత్రం ‘టక్’మని ఊరుకుంటే, కరెంటు సెల్ఫ్‌లోకి పోవడంలోనో, తిరిగి బ్యాటరీకి రావడంలోనో అడ్డుంది. ఆ తిరిగి వచ్చే దారి చాలామందికి గుర్తుకే రాదు. నెగటివ్ టెర్మినల్‌ను ఇంజనుతో కలిపే ఎర్త్ వైరు ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి బురద, తుప్పు దాని నట్టు కిందే చేరతాయి. పైకి బిగుతుగానే కనిపిస్తుంది.

దాన్ని పట్టుకోవడం తేలిక. గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగు. జంపర్ వైరు (రెండు కొసలా క్లిప్పులుండే లావు వైరు) ఒక కొసను బ్యాటరీ నెగటివ్‌కు, రెండో కొసను ఇంజను మీద రంగు లేని లోహానికి తగిలించు. పాజిటివ్ జోలికి పోవద్దు. ఇప్పుడు సెల్ఫ్ గిర్రున తిరిగిందా, దొంగ దొరికినట్టే. ఎర్త్ వైరు విప్పి, రెండు కొసలూ, అవి కూర్చునే చోటూ మెరిసేదాకా ఎమరీ పేపరుతో రుద్ది బిగించు. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే వేడినీళ్లలో వంటసోడా కలిపి కడుగు. ఆ నీళ్లు సెల్స్‌లోకి పోకూడదు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. నా పది నంబరు స్పానర్ నోటి దగ్గర నల్లగా కరిగిన గుంట ఒకటి ఉంది. ఈ వరుస తప్పిన రోజు పడింది అది.

ఇక వేడెక్కడం. నల్లగొండ గడియారం సెంటర్లో నిలబడితే ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోయి, నార్కట్‌పల్లి రోడ్డెక్కి వేగం అందుకోగానే దిగుతోందన్నావు. అయితే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం లేదు. వేగంలో ఎదురుగాలే ఆ పని చేసిపెడుతుంది. ముందు ఫ్యూజు, తరువాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చి పెట్టె) చూడు. అవి బాగుంటే ఫ్యాన్‌కు నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇవ్వు. తిరిగితే మోటారు బాగున్నట్టు, వేడికి పనిచేసే స్విచ్చి పోయినట్టు. రోడ్డు మీద పోతుండగా వేడెక్కితే కథ వేరు. రేడియేటర్ పూడిందనో, ఇంజను వేడెక్కాక నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ ఇరుక్కుందనో అనుమానించాలి. థర్మోస్టాట్ పీకి పారేయమనే సలహా ఎవరైనా ఇస్తారు, వినకు.

మన బోరు నీళ్లు మాత్రం రేడియేటర్‌లో పొయ్యొద్దు. నీళ్లలో ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నం వేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టేంతగా మన నీళ్ల కథ లోకానికి తెలుసు. బండికి మాత్రం ఫ్లోరైడుతో పేచీ లేదు, నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరతోనే. సన్నటి గొట్టాల్లో అదే పేరుకుంటుంది. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయి. వేడి మీద మూత తియ్యకు. ఓ మే నెల మధ్యాహ్నం సాగర్ రోడ్డులో నేను తొందరపడి తీశాను. నా కుడి మోచేతి కింది మచ్చ పుట్టుమచ్చ అని నీ చిన్నప్పుడు అబద్ధం చెప్పాను.

మిస్సింగ్ కొడితే, అంటే ఇంజను మధ్యమధ్యలో తడబడితే, అది చల్లారాక స్పార్క్ ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పు. వైర్లకు ముందే 1, 2, 3 అని అంకెలు అంటించు. ప్లగ్గు కొన లేత గోధుమ రంగులో ఉంటే సంతోషం. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోంది, చోక్ పూర్తిగా వెనక్కి వెళ్తోందో లేదో చూడు. నూనెతో తడిస్తే అది మన చేతిలో పని కాదు. తిరిగి పెట్టేటప్పుడు మొదటి చుట్లన్నీ వేళ్లతోనే తిప్పు. హెడ్ అల్యూమినియం, స్పానర్‌తో అడ్డంగా ఎక్కిస్తే మర పోతుంది.

ఎలుకల సంగతి మరిచిపోయాను. మా వైపు రైస్ మిల్లుల దగ్గర బండి పెడితే వారంలో వైర్లు కొరికేస్తాయి. నిన్నటిదాకా బాగున్న బండిలో ఉన్నట్టుండి ఏదో ఒకటి పనిచేయకపోతే, టార్చి పట్టుకుని ముందు వైర్లే వెతుకు.

బ్రేకుల జోలికి నువ్వు పోవద్దు. ఆయిల్ మట్టం తగ్గుతోందా అని చూడు, తగ్గితే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరితే నేనూరుకోను. ఇటుకలు పేర్చడం కూడా కుదరదు, అవి చెప్పకుండా పగులుతాయి. ఎత్తిన బండిని మోసే ఇనుప స్టాండ్లు నా దగ్గర ఉన్నాయి, ఆదివారం తెస్తాను.

ఈలోగా ఒక నోటు పుస్తకంలో ఏ రోజు ఏం విప్పావో, ఏం మార్చావో రాసుకో. ఒకసారికి ఒకటే మార్చు. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో నీకూ తెలియదు, నాకూ తెలియదు.

అన్నట్టు, పాత బ్యాటరీ షాపులో ఇచ్చేశావా? ఇవ్వకపోతే అలాగే ఉంచు. ఛార్జింగ్ పెట్టి ఒక రాత్రి వదిలేసి, పొద్దున మీటరుతో చూద్దాం. 12.6 వోల్టులు చూపించిందంటే కొత్తదానికి నువ్వు పెట్టిన డబ్బు సంగతి మీ అమ్మకు నేను చెప్పనులే.

ఇట్లు,
మీ మామయ్య