భయం పుట్టిన క్షణాల్లోనే అడ్రినలిన్ ఎలా విడుదలవుతుంది?

భయం తెలిసేది మెదడుకు, అడ్రినల్ గ్రంథులు ఉండేది మూత్రపిండాల మీద. మరి కబురు అంత త్వరగా ఎలా చేరుతుందన్నది ప్రశ్న.

రాత్రి బండి మీద వెళ్తుంటే వీధికుక్క వెంటపడిందనుకోండి. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి సంకేతం వెన్నుపాము గుండా దిగి, ఆపదలో ఒంటిని సిద్ధం చేసే సింపథెటిక్ నాడుల ద్వారా గ్రంథి లోపలి భాగమైన మెడుల్లాకు చేరుతుంది. మిగతా అవయవాలకు వెళ్లే సింపథెటిక్ సంకేతం సాధారణంగా మధ్యలో మరో నాడీకణానికి మారాలి. ఇక్కడ ఆ మజిలీ లేదు, ఎందుకంటే మెడుల్లా కణాలే ఒక రకంగా రూపు మారిన నాడీకణాలు. నాడి కొనల్లోంచి అసిటైల్‌కోలిన్ అనే సంకేత రసాయనం వెలువడగానే కణంలోకి కాల్షియం చొరబడుతుంది. అప్పటికే చిన్న చిన్న సంచుల్లో సిద్ధంగా ఉన్న హార్మోన్లు రక్తంలో కలుస్తాయి. వాటిలో సుమారు 80 శాతం అడ్రినలిన్, మిగతాది ఎక్కువగా దాని దగ్గరి బంధువైన నారడ్రినలిన్. గుండె దడదడలాడేది అందుకే.

గ్రంథి బయటి భాగమైన కార్టెక్స్‌కు కబురు ప్రధానంగా రక్తంలో వెళ్తుంది. హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే హార్మోన్ వదిలితే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే మరో హార్మోన్ వదులుతుంది, దాంతో కార్టెక్స్‌లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ తయారవుతుంది. దీనికి ముందస్తు నిల్వ ఉండదు కాబట్టి నిమిషాలు పడుతుంది. ఎక్కువైతే అదే మెదడుకు చేరి ఇక చాలని ఆపుతుంది.

ఇంకో తమాషా ఉంది. కార్టెక్స్ నుంచి వచ్చే రక్తం మెడుల్లాను తడుపుతూ పోతుంది. నారడ్రినలిన్‌ను అడ్రినలిన్‌గా మార్చే ఎంజైమ్ తగినంత తయారవడానికి అందులోని కార్టిసాలే కావాలి.

కార్టెక్స్‌లోనే తయారై ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ హార్మోన్ మీద మాత్రం నాడుల పెత్తనం చాలావరకు పరోక్షమే. అవి మూత్రపిండాల చేత రెనిన్ అనే ఎంజైమ్‌ను విడుదల చేయిస్తాయి, మిగతా పని దాని వల్ల పుట్టే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ చూసుకుంటుంది.