దుకాణంలో దొంగతనం కేసు డైవర్షన్‌తో ముగిస్తే ఉద్యోగానికి అడ్డవుతుందా?

అమెరికాలో ఎం.ఎస్. చదువుతూ, సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా తీసుకెళ్లినందుకు కేసు పడి, డైవర్షన్ ప్రోగ్రామ్ (మామూలు శిక్షకు బదులు కొన్ని షరతులు పూర్తిచేసే ఏర్పాటు) అవకాశం వచ్చిన విద్యార్థి గురించి మీరు అడిగారు.

తరగతులు, సమాజ సేవ, ఫీజుల వంటి షరతులు పూర్తిచేస్తే సాధారణంగా కేసును కొట్టివేస్తారు. అయితే చాలా రాష్ట్రాల్లో అరెస్టు రికార్డు దానంతటది చెరిగిపోదు. ఫెడరల్ చట్టం ప్రకారం, నేరం రుజువు కాని అరెస్టును బ్యాక్‌గ్రౌండ్ చెక్ సంస్థలు 7 ఏళ్ల వరకు చూపవచ్చు. జీతం ఏడాదికి 75,000 డాలర్లు, ఆపైన ఉండే ఉద్యోగాలకు ఆ గడువు కూడా వర్తించదు. కనుక రికార్డు తొలగింపునకు అర్హత రాగానే దరఖాస్తు చేయడం మంచిది. దొంగతనం వంటి నేరాలున్నవారిని బ్యాంకు ఉద్యోగాల నుంచి నిషేధించే ఫెడరల్ చట్టం కింద డైవర్షన్ కూడా లెక్కలోకి వస్తుంది గాని, 2022 నాటి సవరణ తర్వాత ఇలాంటి చిన్న దొంగతనానికి ఏడాది దాటితే ఆ నిషేధం ఉండదు.

వీసాపై ఉన్నవారికి అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ప్రోగ్రామ్‌లో చేరేందుకు నేరం ఒప్పుకొని, కోర్టు ఏదైనా శిక్షగాని ఆంక్షగాని విధిస్తే, తర్వాత రాష్ట్ర కోర్టు కేసు కొట్టివేసినా ఇమిగ్రేషన్ చట్టం దృష్టిలో అది నేర నిర్ధారణే. హెచ్-1బీ (ఉద్యోగ వీసా) స్టాంపింగ్ కోసం హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లేముందు నింపే డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారం, క్షమాభిక్ష లభించినా సరే, ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది. అక్కడ దాచడం కేసుకంటే పెద్ద నష్టం. ఒప్పందంపై సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి, రికార్డు తొలగించకముందే కోర్టు తుది ఉత్తర్వు ధ్రువీకృత ప్రతులు తీసి భద్రపరచుకోండి.