యువ రచయిత్రికి లేఖ: మధ్యలో గడిచిన ఏళ్ళ గురించి

చెన్నై

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ నిదానంగా చదివాను. టి. నగర్‌లో పక్కపక్క వాటాల్లో పెరిగిన ఇద్దరు పిల్లలు పదేళ్ళ వయసులో విడిపోయి, తర్వాత ఐదుసార్లు కలిసి, నలభై దగ్గరపడుతుంటే పెళ్ళి చేసుకుంటారు. ఈ వస్తువంటే నాకు చాలా ఇష్టం. అది బాగా రావాలన్న ఆశతోనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కలిసిన ఐదుసార్లూ నువ్వు శ్రద్ధగా రాశావు. మధ్య ఏళ్ళకు మాత్రం ఒక్కో వాక్యమే ఇచ్చావు. ‘ఎనిమిదేళ్ళు గడిచాయి’ అంటే ఎలా? ఆ ఎనిమిదేళ్ళలో ఆ అమ్మాయికి ఎన్ని సంబంధాలు వచ్చాయి? ఏం చెప్పి తప్పించుకుంది? నిజంగా అతని కోసమే తప్పించుకుందా, లేక ఉద్యోగం వదలడం ఇష్టం లేకనా? అతను ఇంకెవరినైనా ప్రేమించాడా? ప్రేమించి ఉంటే దాచకు. ముప్పై ఏళ్ళు ఒకరినే తలుచుకుంటూ కూర్చున్న మనిషిని పాఠకుడు మెచ్చుకుంటాడేమో కానీ నమ్మడు. మధ్యలో బతికి, దెబ్బలు తిని, మారిపోయి వచ్చిన ఇద్దరు మళ్ళీ ఒకరినొకరు ఇష్టపడాలి. చిన్నప్పటి పిల్లవాణ్ణి కాదు, ఇప్పుడు ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఆమె ఇష్టపడాలి. అక్కడ నువ్వు గెలిస్తే మిగతా లోపాలు ఎవరికీ కనపడవు.

వాళ్ళు విడిపోయిన చోట ‘విధి విడదీసింది’ అని రాశావు. అబ్బాయి తండ్రి కోడంబాక్కం స్టూడియోలో సౌండ్ అసిస్టెంట్ అని నువ్వే చెప్పావు కదా, కారణం అక్కడే ఉంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తెలుగు సినిమా చాలాకాలం మద్రాసులోనే ఉండిపోయింది. స్టూడియోలు, ల్యాబులు, పనితెలిసిన వాళ్ళు ఇక్కడే ఉన్నారు. 1970లు, 80లలో మెల్లగా హైదరాబాదుకు తరలింది. పెద్ద నటులు వెళ్ళడం పత్రికల్లో వచ్చింది. సౌండ్ అసిస్టెంట్లు, మేకప్‌వాళ్ళు వాటాలు ఖాళీ చేసి వెళ్ళడం ఎవరూ రాయలేదని నాకు బాధ. నీ చేతిలో ఆ కుటుంబం ఉంది. అద్దె బాకీ, బడి మార్పించడం, సామాను లారీకెక్కించడం రాయి. పిల్లల ఏడుపు దానంతట అదే వస్తుంది.

ఇప్పటి పాఠకుడు ‘ఫోన్ చేసుకోవచ్చుగా?’ అని తప్పకుండా అడుగుతాడు. 1980ల చివర్లో ఇన్‌లాండ్ లెటర్ వస్తే ఇంట్లో అందరూ చదివేవాళ్ళు. ఎస్టీడీ, అంటే వేరే ఊరికి ఫోన్, చేయాలంటే రాత్రి రేటు తగ్గేదాకా ఆగాలి, పైగా బూత్‌లో వెనక మనుషులు నిలబడి ఉంటారు. చెన్నైలో గుమ్మానికి పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉంటాయి. అడ్రసు పట్టుకుని వచ్చినవాడు తిరుగుతూనే ఉంటాడు. ఏడంకెల ల్యాండ్‌లైన్ నంబర్ల ముందు 2 చేరింది. అతనికి కంఠతా వచ్చిన పాత నంబరు ఇక పలకదు. ఇవన్నీ వాడుకో.

రైల్వే స్టేషన్లో అనుకోకుండా ఎదురుపడటం ఒకసారి చాలు. మిగతావన్నీ ఎవరో ఒకరు పూనుకుంటేనే జరగాలి. నీ కథలో నాకు బాగా నచ్చింది 2015 డిసెంబరు వరదలప్పుడు అతను ఆమె కోసం రావడం. కానీ వరద మధ్యలో మీనంబాక్కంలో విమానం దిగాడని రాశావు. రన్‌వే మీదకి నీళ్ళొచ్చి విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది, రైళ్ళు కూడా ఆగిపోయాయి. ఏ బస్సు పట్టుకున్నాడో, ఎక్కడ దిగి నడిచాడో కనుక్కుని రాయి. అలా కష్టపడి వచ్చినవాడికి నువ్వు పెట్టిన పొడుగాటి డైలాగు అక్కర్లేదు.

బాల్యం భాగంలో పదేళ్ళ పిల్లల మనసులో పెద్దవాళ్ళ ప్రేమ పెట్టకు. వాళ్ళకు హోంవర్కు, ఐస్ ఫ్రూట్, పనగల్ పార్కు చాలు. అమ్మాయి అతని తల్లిని ‘పిన్నీ’ అని పిలుస్తుందని రాశావు. ఆ వరసన అతను అన్నయ్య అవుతాడు. ఒక ఇల్లు హిందువులది, ఇంకోటి క్రైస్తవులది కాబట్టి అమ్మాయి తల్లి ముందుచూపుతోనే ఆ వరస నేర్పిందనుకో, కథ ఎంత చిక్కబడుతుందో చూడు. మాటతీరు కూడా ముఖ్యమే. వీధిలో తమిళంలో పోట్లాడుకుని, ఇంట్లోకి రాగానే తెలుగులోకి మారే పిల్లలు వాళ్ళు. ఇరవయ్యేళ్ళకు కలిసినప్పుడు ఆమె ఇంకా ‘సెరి’ (సరే), ‘ఆమా’ (అవును) అంటుంది. అతనికి హైదరాబాదు మాట వచ్చేసి ఉంటుంది. ఇద్దరికీ అది కొంచెం గుచ్చుకోవాలి.

పెళ్ళిని రెండు వాక్యాల్లో తేల్చేశావు, నాకు ఆకలి తీరలేదు. మతాలు వేరు, ఎవరూ మతం మారడం లేదు కాబట్టి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి, ఆమె ఉంటున్న చెన్నైలోనే ఇచ్చారనుకో. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు. అభ్యంతరం చెప్పడానికి ఎవరికైనా 30 రోజుల గడువు. ఆ నెల రోజులు ఆ తల్లి ఎలా గడిపింది? కూతురితో మాట్లాడిందా? పిన్ని అని పిలిపించిన మనిషికి ఇప్పుడు వియ్యపురాలు కావాల్సి వచ్చింది. ఆ ఇద్దరు పెద్దావిడల్ని ఒక గదిలో కూర్చోబెట్టు, మాటలు వాళ్ళనే వెతుక్కోనివ్వు.

మూడో కలయిక తీసేయి, అది లేకపోయినా కథ నడుస్తుంది. ఆ పేజీలు తల్లికివ్వు. సంక్రాంతికి ఊరెళ్ళేలోపు కొత్త ప్రతి పంపితే వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు