ఆవిడ మాట ఆవిడ నోటనే విను

బరంపురం

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పర్లాకిమిడి ఆసుపత్రిలో, మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడే పనిలో చేరి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే "ఈ పని నాకు చేతకాదేమో పెద్దమ్మా" అని రాశావు. కొండ మీది ఊరి నుంచి వచ్చిన సవర ఆవిడ రెండుసార్లు నీ ఎదుట కూర్చుని నోరు విప్పలేదనీ, అడిగినవాటన్నిటికీ భర్తే జవాబు చెప్పాడనీ, చివరికి నీ కాగితం మీద 'నిద్ర లేదు, తిండి తగ్గింది' అన్న రెండు ముక్కలే మిగిలాయనీ రాశావు. ఆ రెండు ముక్కలూ ఎవరివి తల్లీ? ఆవిడవి కావు. నీకు పని చేతకాక కాదు, ఆవిడతో నువ్వు ఇంకా మాట్లాడనే లేదు.

మానసిక వైద్య విభాగంలో నర్సుగా చేరిన తొలి ఏళ్లలో నేనూ ఇదే పొరపాటు చేశాను. కంధ గిరిజనుల భాష అయిన కుయి మాట్లాడే ఒక కొత్త కోడలిని అత్తగారు తీసుకొచ్చారు. నాకు కుయి రాదు. ఆ పిల్ల చాలాసేపు ఏదో చెప్పింది, మధ్యలో కళ్లు తుడుచుకుంది. అత్తగారు నా వైపు తిరిగి ఒడియాలో "తలనొప్పి అంటోంది" అన్నారు. అంతసేపటి మాటకు ఇంత చిన్న అర్థమేమిటని అప్పుడే అడగాల్సింది. బయట వరుస పొడుగ్గా ఉంది, అడగలేదు. తలనొప్పి అనే రాసుకున్నాను. నెలన్నర తరువాత ఆ పిల్ల పురుగుల మందు తాగి మా ఆసుపత్రికే వచ్చింది. బతికింది. కానీ ఆ రోజు ఆమె ఏం చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే ఇంటివాళ్లను దుబాసీలుగా పెట్టుకోవద్దు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, బాధలో వాళ్లకూ భాగం ఉంటుంది. సవర భాష వచ్చిన ఆశా కార్యకర్తనో, ఆసుపత్రిలో పనిచేసే మరో స్త్రీనో అడుగు. ఆమెది అదే ఊరు కాకుండా చూసుకో. చుట్టరికం ఉన్న చోట గుట్టు నిలవదు. ఆవిడను లోపలికి పిలిచే ముందు ఈమెతో అయిదు నిమిషాలు కూర్చుని, "ఆవిడ 'నేను' అంటే నువ్వూ 'నేను' అనే చెప్పు, కుదించవద్దు, సర్దవద్దు, నీ సలహా కలపవద్దు" అని చెప్పు. ఆమెను ఆవిడ పక్కన కాస్త వెనక్కి కూర్చోబెట్టు. నువ్వు మాట్లాడేటప్పుడు నీ చూపు ఆవిడ మీదే ఉండాలి. భాష రాకపోయినా ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఆవిడనే చూడు, వింటున్నావని ఆవిడకు తెలుస్తుంది. ఒక్కొక్క చిన్న వాక్యమే అడిగి ఆగు.

భాష వచ్చినచోట కూడా ఏ భాషలో అడుగుతున్నావో చూసుకో. మన సరిహద్దు జిల్లాల్లో ఒక్కో మనిషికి బజారులో ఒక భాష, ఆఫీసులో ఒకటి, ఇంట్లో మరొకటి. బరంపురంలో ఒక నేతవారి ఇల్లాలు నెలల తరబడి మా దగ్గరికి వచ్చి, "మొనొ భలొ లాగు నాహిఁ" అని ఒడియాలో చెప్పి మాత్రలు తీసుకువెళ్లేది. మనసు బాగోలేదని తప్ప ఇంకేం తెలియలేదు. ఒకరోజు బయట బల్ల మీద కూతురితో తెలుగులో మాట్లాడుతుంటే విన్నాను. లోపలికి వచ్చాక "ఏమిటమ్మా బెంగ?" అన్నాను. ఆ ఒక్క మాటకు ఏడ్చేసింది. కొడుకు సూరత్‌లో మరమగ్గాల పనికి వెళ్లి ఏడాదిన్నర అయింది, ఫోను కూడా లేదు. గంజాం నుంచి సూరత్‌కు వెళ్లినవాళ్లు ఎందరో, ఇక్కడ ఇళ్లలో బెంగపడేవాళ్లూ అంతమంది. ఆ మాట బయటికి రావడానికి ఆమె ఇంటి భాష కావలసి వచ్చింది.

చాలామంది బాధను ఒంటి మీదే చెబుతారు. గుండె దడ, ఒళ్లు మంటలు, కాళ్లలో సత్తువ లేకపోవడం. ముందు వైద్యుడి చేత ఒళ్లు పరీక్ష చేయించు, రక్తహీనతో థైరాయిడో ఉండవచ్చు. ఆ తరువాత "దడ ఎప్పుడు వస్తుంది? అప్పుడు ఇంట్లో ఎవరుంటారు?" అని ఆ మాట పట్టుకునే లోపలికి వెళ్లు. గాలి సోకిందని చెప్పి, ఊళ్లో పూజలు చేసే పెద్ద దగ్గరికి వెళ్లామంటే ముఖం చిట్లించకు. ఆయన ఏమన్నాడో అడుగు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది, కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. ఆ తరువాత వానచప్పుడు వింటే లేచి కూర్చునేవాళ్లను నేను చూశాను. వాళ్లలో కొందరు ఆ భయాన్ని గాలి అనే చెప్పారు. పేరు ఏదైతేనేం, భయం నిజం.

"ధైర్యంగా ఉండు", "నీకేం తక్కువ" అన్న మాటలు మానెయ్యి. అవి మన కంగారును తగ్గించుకోవడానికే. ఆమె అన్న మాటనే తిరిగి ఆమెకు వినిపించు. మౌనంగా ఉంటే ఉండనివ్వు, కలం కింద పెట్టు.

చావు గురించి అడగడానికి జంకుతున్నానని కూడా రాశావు. దిగులు ఎంత ఉందో తెలుసుకోవడానికి మనం అడిగే తొమ్మిది ప్రశ్నల కాగితంలో చివరి ప్రశ్న అదే కదా, దాన్ని గబగబా చదివి దాటేయకు. "ఇంత బాధలో చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, మెల్లగా అడుగు. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. చాలామంది అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే ఎలా, ఎప్పుడు, ఇంట్లో పురుగుల మందు ఉందా అని అడుగు. ఆమెను ఒంటరిగా వదలకు, అదే రోజు వైద్యుడికి చూపించు, మందు డబ్బా ఇల్లు దాటించు. గుట్టు కాపాడతానని మొదటే మాట ఇస్తావు కదా, ప్రాణం మీదికి వస్తే మాత్రం మరొకరికి చెబుతానని కూడా ఆ మొదటే చెప్పాలి. పోలీసు కేసవుతుందని భయపడతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్షించకూడదని అంటోంది. ఇంటివాళ్లకు అది విడమరిచి చెప్పు. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే సహాయ ఫోను, టెలీ మానస్ 14416 నంబరు కాగితం మీద రాసి ఇవ్వు, రాత్రీ పగలూ పలుకుతుంది, ఖర్చు లేదు.

మాత్రలు రాస్తే, దిగులుకు ఇచ్చేవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని ముందే చెప్పు. చెప్పకపోతే వారానికే మానేస్తారు.

ఇవన్నీ విన్న సాయంత్రం నువ్వు ఇంటికి వెళ్లి మౌనంగా పడుకోవద్దు. మీ పెద్ద డాక్టరుతో వారానికి ఒకసారి కూర్చో, పేర్లు లేకుండా నాకూ రాయి.

ఈసారి ఆ సవర ఆవిడ వస్తే, వెనక్కి వెళ్లే బస్సు ఎన్నింటికో ముందే కనుక్కో. బస్సు మీద ధ్యాస ఉన్న మనిషి ఏం చెబుతుంది? భర్తను గౌరవంగా కూర్చోబెట్టి, ఆయన మాట ఆయన చెప్పుకోవడానికి వేరే సమయం ఇస్తానని చెప్పి, బయట టీ ఇప్పించు. కుర్చీలు పక్కకు జరిపి చాప వెయ్యి. పేరు అడుగు, భర్త చెప్పిన పేరు కాదు, ఆమె తనకు తాను చెప్పుకునే పేరు. ఆ రోజుకు అది ఒక్కటే తెలిసినా నాకు రాయి.

మీ పెద్దమ్మ