భారీ డిస్కౌంట్ ఇస్తే చిన్న డెవలపర్ల సాఫ్ట్‌వేర్ విలువ పడిపోతుందా?

పడిపోతుంది, ముఖ్యంగా 80, 90 శాతం తగ్గింపులు మాటిమాటికీ ఇస్తుంటే. పట్టుచీరైతే చేత్తో పట్టుకుని, నేత చూసి వెల కట్టొచ్చు. సాఫ్ట్‌వేర్‌కి ఆ వీల్లేదు. పేరున్న కంపెనీది కాకపోతే కొనేవాళ్లకి దొరికే ముఖ్యమైన ఆనవాలు ధరే. చివరిసారి చూసిన ధర మనసులో అసలు ధరగా నాటుకుపోతుంది.

బరంపురం కిరాణా కొట్లకి తెలుగు, ఒడియా రెండింట్లో బిల్లు కొట్టే ప్రోగ్రాం ఉందనుకోండి. ధర 2,000 రూపాయలు, దసరాకి 200కే ఇచ్చారు. పండగయ్యాక మళ్లీ 2,000 అంటే కొట్టాయన "మొన్న రెండొందలేగా బాబూ, దీపావళికి చూద్దాంలే" అంటాడు. అంతకుముందే 2,000 పెట్టి కొన్నాయన మోసపోయానంటాడు (ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు).

"కాపీకి ఖర్చేముంది, ఎక్కువమందికి అమ్మితే సరి" అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. 90 శాతం తగ్గిస్తే పాత రాబడి రావడానికే పదింతలు అమ్మాలి. అంతమంది ఫోన్లూ ఎత్తాలి: బిల్లు మీద ఒడియా అక్షరాలు డబ్బాలుగా పడుతున్నాయని ఒకరు, ప్రింటర్ కదలట్లేదని ఇంకొకరు. నెల రోజులు ఉచితంగా వాడనిస్తే మాత్రం విలువ పడిపోయే చిక్కు తక్కువ, అసలు ధర మారలేదు కాబట్టి.