నాన్న పెట్టిన టేకు తోట: కంపెనీ చేతికా, గంపగుత్త బేరానికా?

వనస్థలిపురం నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు 47, ప్రైవేటు ఉద్యోగం. ఆలేరు దగ్గర మూడెకరాల్లో వాళ్ల నాన్నగారు 2007లో టేకు నాటారు. ఆయన పోయి రెండేళ్లయింది, పట్టా ఇంకా ఆయన పేరు మీదే ఉంది, తమ్ముడు బెంగళూరులో ఉంటాడు. తోటలో ఇప్పుడు 840 చెట్లున్నాయి. ఒక ఫారెస్ట్రీ సర్వీసుల కంపెనీ పదేళ్లు తోటను తామే చూసుకుంటామంటోంది. ఎకరానికి ఏడాదికి 25 వేలు ఫీజు, చివర్లో అమ్మకంలో 20 శాతం వాటా, చెట్టుకు 40 వేలు గ్యారంటీ, చెట్లు కొనే మొదటి హక్కు కూడా వాళ్లదే. ఇంకోపక్క ఊళ్లో కలప వ్యాపారి మొత్తం తోటకు 9 లక్షలు ఇస్తానని రోజూ ఫోన్ చేస్తున్నాడు. రెండేళ్లలో కూతురి ఇంజినీరింగ్ ఫీజులకు డబ్బు కావాలి. "ఇద్దరిలో ఎవరికి ఇవ్వమంటారు?" అని అడిగారు.

మేడమ్, ఇప్పటికైతే ఇద్దరికీ వద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, అందులో అన్ని అంకెలూ ఉన్నాయి గానీ ఒక్కటి లేదు: మీ చెట్ల చుట్టుకొలత. అది తెలియకుండా 9 లక్షలు ఎక్కువో తక్కువో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. కానీ ఆ వ్యాపారికి మాత్రం బాగా తెలుసు, ఎందుకంటే తోటలో ఒక చుట్టు తిరిగితే చాలు, వాళ్ల కళ్లే టేపులు.

2014లో జనగామ వైపు మా పెదనాన్న 110 టేకు చెట్లు ఇలాగే గంపగుత్తగా అమ్మారు. కోత అయిపోయిన నాలుగో రోజు నేను వెళ్లాను. మోడుల చుట్టూ పురికొస చుట్టి, ఆ కొసను స్కేలు మీద పెట్టి కొలుచుకుంటూ పోయాను. ఇరవయ్యో మోడు దగ్గర పెదనాన్న "చాల్లేరా, ఇక రాయకు" అని గట్టు మీద కూర్చుండిపోయారు. ఆయనకొచ్చిన డబ్బు కలప విలువలో సగం కూడా కాదు. ఆ రోజు నుంచి కొలవని చెట్టు అమ్ముతామని ఎవరన్నా నాకు ఊరుకోబుద్ధి కాదు.

లెక్క కష్టమేం కాదు. చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, దుంగ పొడవుతో హెచ్చిస్తే ఘనపుటడుగులు వస్తాయి, కలప వ్యాపారంలో ఎప్పటినుంచో వాడే పద్ధతి ఇది. మూడడుగుల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ అయితే ముప్పావు ఇంటూ ముప్పావు ఇంటూ పది, అంటే సుమారు 5.6 ఘనపుటడుగులు. నిజానికి గుండ్రటి దుంగలో 7.2 దాకా ఉంటుంది, మిగతాది మిల్లు తరుగు కింద కొనేవాడికే పోతుంది, ఆ ఆనవాయితీతో మీరు పోట్లాడలేరు. కానీ రెండడుగుల చుట్టుకొలత అయితే అదే పదడుగుల దుంగకు వచ్చేది 2.5 మాత్రమే. లావు ఒకటిన్నర రెట్లయితే కలప రెండింతల పైన పెరిగిందన్నమాట. పైగా లావెక్కిన చెట్టులో చేవ, అంటే లోపలి గట్టి కలప, ఎక్కువ, ధర పలికేది చేవకే.

ఇప్పుడు మీ తోట సంగతి. ఉదాహరణకు సగటు చుట్టుకొలత 30 అంగుళాలు, పనికొచ్చే దుంగ పదడుగులు అనుకుందాం. చెట్టుకు 3.9 ఘనపుటడుగులు, 840 చెట్లకు దగ్గర దగ్గర 3,280. తొమ్మిది లక్షలను దీంతో భాగిస్తే ఘనపుటడుగుకు 274 రూపాయలు. కోత కూలి, రవాణా, వంకర చెట్ల తరుగు అన్నీ తీసేసినా ఈ రేటు నాకు చాలా తక్కువగా అనిపిస్తోంది. మీరే భువనగిరిలోనో ఉప్పల్ వైపో రెండు మూడు సామిల్లులకు వెళ్లి, ఈ లావు టేకు దుంగ ఎంతకు కొంటారో అడగండి. కొనడానికి వచ్చామని కాదు, అమ్మడానికి వచ్చామని చెప్పి అడగండి, రెండు రేట్లకీ చాలా తేడా ఉంటుంది.

ఇక కంపెనీ. మూడెకరాలకు ఏడాదికి 75 వేలు, పదేళ్లకు ఏడున్నర లక్షలు. అదే 75 వేలు ప్రతి ఏడాది చివర 7 శాతం వడ్డీకి వేస్తూ పోతే పదో ఏడాదికి సుమారు 10.36 లక్షలవుతుంది. అంటే కంపెనీ చేసే పని వల్ల, మామూలుగా పెరిగేదానికి మించి మీ తోట విలువ కనీసం అంత పెరగాలి, దానిపైన వాళ్ల 20 శాతం వాటా కూడా రావాలి, అప్పుడే మీకు నష్టం లేనట్టు. ఇన్నేళ్ల టేకుకు ఏటా 75 వేల పని ఏముంటుంది చెప్పండి? నీళ్లు పెట్టక్కర్లేదు, ఎరువు పెద్దగా అక్కర్లేదు. ఆకు రాలే కాలంలో తోట చుట్టూ ఎండాకు ఊడ్చి, నిప్పు లోపలికి రాకుండా బాట తీయాలి, ఇది మాత్రం ఏటా తప్పదు, ఒక్క బీడీ ముక్క చాలు తోట పోవడానికి. కాండం మీద పక్క కొమ్మలు పుడితే తీసేయించాలి. కొన్నేళ్లకోసారి పలచన చేయాలి. ఊళ్లో ఇద్దరు కూలీలు, నమ్మకమైన ఒక మనిషి ఉంటే జరిగిపోయే పనులివి.

పలచన చేయడం మాత్రం తెలిసినవాళ్ల పని. మూడెకరాల్లో 840 చెట్లంటే ఎకరానికి 280, ఈ వయసుకు ఒత్తుగానే ఉన్నట్టు, ఒకదాని నెత్తిన ఒకటి ఎండ తీసేసుకుంటుంటే ఏదీ లావెక్కదు. బక్కవి, వంకరవి, పక్కచెట్టు నీడలో చిక్కుకున్నవి తీసేస్తే మిగిలినవాటికి ఎండా నీళ్లూ దొరికి లావెక్కుతాయి. వ్యాపారి "లావువి రెండొందలు కొట్టుకుంటా, మిగతావి పెరగనివ్వండి" అంటాడు చూడండి, వినడానికి బాగుంటుంది, కానీ అది తలకిందుల పని. మంచివన్నీ తీసుకెళ్లి బక్కవి మీకు వదిలేస్తాడు.

చెట్టుకు 40 వేలు గ్యారంటీ అన్నారు కదా. పదేళ్లలో చుట్టుకొలత 40 అంగుళాలకు పెరిగి, పన్నెండడుగుల దుంగ వచ్చిందనుకున్నా 8.3 ఘనపుటడుగులు. చెట్టుకు 40 వేలు రావాలంటే ఘనపుటడుగుకు 4,800 పడాలి. ఎవరిస్తారు? ఆ మాట కాగితం మీద, పూచీకత్తుతో రాసివ్వమనండి, అక్కడే తేలిపోతుంది. 1990లలో టేకు మొక్కల పేరుతో జనం దగ్గర డబ్బులు వసూలు చేసి ఇలాంటి ఆశలే చూపించారు, ఆ గొడవల తర్వాతే 1999లో పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఇలాంటి సామూహిక పెట్టుబడి పథకాలకు నిబంధనలు తెచ్చింది. మీ నుంచి వాళ్లు అడుగుతున్నది వేరే రకం ఒప్పందం కావచ్చు గానీ గ్యారంటీ అన్న మాట వినగానే నాకు ఆ రోజులే గుర్తొస్తాయి. అన్నిటికంటే నాకు నచ్చనిది ఆ మొదటి హక్కు షరతు. మీ చెట్లకు వెల కట్టేదీ, కొనేదీ ఒక్కరే అయితే మీ తరఫున మాట్లాడేదెవరు?

అలాగని అటవీ నిపుణులే వద్దని కాదు. కావాలి, కానీ డాక్టరు దగ్గరికి వెళ్లినట్టు వెళ్లాలి: ఫీజు ఇచ్చి, సలహా రాయించుకుని, ఇంటికి వచ్చేయాలి. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజ్ అండ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఫారెస్ట్రీ డిగ్రీ చదివినవాళ్లు అక్కడ నుంచి వస్తున్నారు. రిటైరైన రేంజ్ ఆఫీసర్లు కూడా ఇలాంటి పని ఒప్పుకుంటారు. ప్రతి చెట్టుకూ నంబరు వేసి, చుట్టుకొలత, పనికొచ్చే ఎత్తు రాసి, ఏది తీయాలో ఏది ఉంచాలో గుర్తు పెట్టి రిపోర్టు ఇవ్వాలి. మీ తోటకు రెండు మూడు రోజుల పని. రోజుకింత అని ముందే మాట్లాడుకోండి. వాళ్లు కలప కొనకూడదు, కొనేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకోకూడదు, ఈ రెండూ కాగితం మీద రాయించుకోండి. తర్వాత అమ్మేటప్పుడు నలుగురు వ్యాపారుల దగ్గర సీల్డ్ కవర్లో రేట్లు తెప్పించే పని వాళ్లకే అప్పగిస్తే, అప్పుడు వచ్చిన ధరలో కొంత శాతం ఇచ్చినా తప్పులేదు, మీకు ఎక్కువొస్తే వాళ్లకూ ఎక్కువొస్తుంది.

అన్నిటికంటే ముందు పట్టా. నాన్నగారి పేరు మీద ఉన్నంతకాలం మీరొక్కరే ఎవరితో ఏ ఒప్పందం రాసుకున్నా చిక్కులే. భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వారసత్వ మార్పిడికి పెట్టుకోండి, మీ తమ్ముడితో వాటా సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి, చెట్లు కొట్టాక వచ్చిన డబ్బు ముందు కూర్చుని మాట్లాడితే టెన్షన్ ఇంకా ఎక్కువ. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్లు కొట్టడానికి అనుమతి, టేకు బండి కదలడానికి అటవీ శాఖ రవాణా పర్మిట్ కావాలి, ఇవన్నీ సొంతదారు పేరుతోనే అడగాలి. "అవన్నీ నేను చూసుకుంటా" అని వ్యాపారి అంటే ఆ భరోసా మీద ఉండిపోకండి, అనుమతి లేకుండా కొట్టి దొరికితే కేసు పట్టాదారు మీదికీ రావచ్చు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. మనిషి దున్ని, నాటి, సాకిన చెట్ల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం, దానంతట అదే మొలిచిన అడవి మీద వచ్చేది కాదు, 1957లో సుప్రీంకోర్టు తేల్చిన మాట ఇది. అందుకే నాన్నగారు మొక్కలు కొన్న రసీదులు, కూలీల లెక్కల పుస్తకం, పహాణీ (సాగు రికార్డు) నకళ్లు ఏవి దొరికినా జాగ్రత్తగా పెట్టండి. ఈ ఆదాయానికి నేరుగా పన్ను లేకపోయినా మీ జీతం మీద పన్ను రేటు లెక్కలోకి వస్తుంది, కాబట్టి రిటర్నులో చూపించాలి.

అమ్మాయి కాలేజీ ఫీజుల కోసం ఈ తోట మీద ఆశ పెట్టుకోకండి. వారసత్వం, అనుమతి, బేరం, ఒక్కోదానికి ఎన్ని నెలలు పడుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. మొదటి ఏడాది ఫీజు వరకు జీతంలోంచి రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి, లోటు పడితే ఎడ్యుకేషన్ లోన్ ఉంది. పలచన చేసినప్పుడు వచ్చే డబ్బును రెండో ఏడాదికి వాడుకోండి. మిగిలిన చెట్లకు తొందరేం లేదు, ఏడాది ఆగినా అవి తరిగిపోవు, నిప్పు నుంచి, దొంగల నుంచి కాపాడుకుంటే చాలు.

ఈ ఆదివారం ఊరికి వెళ్లండి. దర్జీ టేపు, సుద్దముక్క, నోట్‌బుక్ తీసుకెళ్లండి. తోటలో అక్కడక్కడా మూడు వరుసలు ఎంచుకుని, నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో యాభై చెట్లు కొలవండి. నచ్చినవి ఏరుకోకుండా వరుసలో వచ్చినవి వచ్చినట్టే రాయండి. అసలు లెక్కకు దుంగ నడుమ కొలవాలి, అది అందదు కాబట్టి కొలిచిన చుట్టుకొలతలో పదో వంతు తగ్గించి వేసుకోండి. ఆ కాగితం ఫొటో నాకు పంపండి. వ్యాపారి ఈలోపు ఫోన్ చేస్తే, చెట్లు కొలిపిస్తున్నామని మాత్రం చెప్పండి, రేటు మాట్లాడకండి.